తీరిక లేని రోజుల్లో తృప్తిగా బతకడానికి 12 వారాల మార్గదర్శి

పొద్దున లేచింది మొదలు ఊపిరి సలపనంత పని. రాత్రి పక్క మీద వాలేసరికి ఒళ్లు అలిసిపోయి ఉంటుంది, మనసులో మాత్రం ఏదో వెలితి. ఇలాంటివాళ్లకు దొరికే సలహాలన్నీ రోజుకు ఇంకో పని జోడించేవే: ధ్యానం చేయండి, డైరీ రాయండి, వ్యాయామం చేయండి, తెల్లవారుజామునే లేవండి. ఇప్పటికే కిక్కిరిసిన రోజులో వీటిని కుక్కితే రెండు వారాలు సాగి ఆగిపోతాయి. పైగా "ఇది కూడా నా వల్ల కాలేదు" అన్న బాధ మిగులుతుంది.

పని గంటలు ఎక్కువైనందుకు పోయే సంతోషం కన్నా, ఉన్న గంటలు ముక్కలైనందుకు పోయే సంతోషమే ఎక్కువన్నది మా గట్టి అభిప్రాయం. పాప బడి కబురు చెబుతుంటే చేతిలో ఆఫీసు మెసేజీ, ఆఫీసులో ఉంటే తలలో ఇంటి సంగతి, తినేటప్పుడు వీడియో. ఏ ఒక్క పనిలోనూ పట్టుమని పది నిమిషాలు పూర్తిగా ఉండం. అందుకే ఇక్కడ మొదటి సగమంతా రోజును అతికించే పనే. కొత్తగా జోడించేవి తర్వాత వస్తాయి, అవీ కొన్నే. మెట్ల వరస మార్చకండి. రోజుకు అయిదు గంటలే నిద్రపోతున్న మనిషికి కృతజ్ఞతల డైరీ పెద్దగా చేసేదేమీ ఉండదు.

మొదటి మెట్టు: ఇప్పుడు ఎలా ఉన్నారో కొలవండి (1వ వారం, 5 నిమిషాలు)

"ఏదోలా ఉంది" అన్న దగ్గర మొదలుపెడితే మూడు నెలల తర్వాత బాగుపడ్డామో లేదో తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో విడుదల చేసిన ఒక చిన్న కొలమానం ఉంది. అందులో అయిదే వాక్యాలుంటాయి. గడిచిన రెండు వారాలను తలచుకుని ఒక్కోదానికీ 0 నుంచి 5 వరకు మార్కు వేసుకోవాలి. అస్సలు లేదనుకుంటే 0, అప్పుడప్పుడు అయితే 1, సగం రోజుల కన్నా తక్కువైతే 2, సగానికి మించితే 3, చాలావరకు అయితే 4, ఎప్పుడూ అయితే 5. ఆ వాక్యాల సారాంశం ఇది:

1. ఉల్లాసంగా, హుషారుగా ఉన్నాను.
2. ప్రశాంతంగా, స్థిమితంగా ఉన్నాను.
3. చురుగ్గా, ఓపికగా ఉన్నాను.
4. నిద్ర లేచేసరికి అలసట తీరి తేలికగా అనిపించింది.
5. నాకు ఆసక్తి ఉన్న విషయాలతో నా రోజులు గడిచాయి.

మొత్తం మార్కులను 4తో గుణిస్తే 100కు ఎంతో వస్తుంది. తేదీ వేసి రాసిపెట్టుకోండి. 50 లేదా అంతకన్నా తక్కువ వస్తే కుంగుబాటు ఉందేమో పరీక్ష చేయించుకోవాలని అర్థం. 28 లేదా అంతకు దిగువన ఉంటే ఈ మార్గదర్శిని పక్కన పెట్టి ముందు డాక్టరును కలవండి. రెండు వారాలకు మించి దాదాపు రోజూ దిగులుగా ఉన్నా, ఇదివరకు ఇష్టమైనవి కూడా రుచించకపోయినా మార్కులతో పని లేకుండానే వెళ్లండి. బతకడం అనవసరం అనిపిస్తుంటే ఆ రోజే వెళ్లాలి, ఒంటరిగా ఉండకూడదు. కుంగుబాటు వైద్యంతో నయమయ్యే జబ్బు. అలవాట్లు మార్చుకుంటే పోతుందిలే అని వాయిదా వేస్తే ముదురుతుంది.

రెండో మెట్టు: రోజును కాగితం మీద పెట్టండి (1వ వారంలోనే, మూడు రోజులు)

మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్, ఆయనతోటి పరిశోధకులు 2004లో ఒక పద్ధతిని ప్రచురించారు. నిన్నటి రోజును సినిమాలోని సీన్లలా విడగొట్టి, ఒక్కో సీనులో ఎలా అనిపించిందో రాయించారు. టెక్సస్‌లోని 909 మంది ఉద్యోగినుల చేత అలా రాయిస్తే ఆఫీసు ప్రయాణాలు అట్టడుగున తేలాయి. స్నేహితులతో, ఇష్టమైనవాళ్లతో గడిపిన సమయం పైన నిలిచింది. పిల్లల పనులు చూసుకునే సమయానికి వచ్చిన మార్కులు, అడిగితే తల్లులు చెప్పే మాటంత గొప్పగా లేవు. పిల్లల మీద ప్రేమ తక్కువై ఇలా జరగదు. "పిల్లలతో గడపడం ఇష్టం" అని మనం తలచుకునేది ఒకటి, ఉదయం ఎనిమిదింటి హడావిడిలో జరిగేది ఇంకొకటి. మీ జీవితంలో ఈ రెండింటికీ ఎంత దూరముందో తెలియాలంటే రాసి చూడాల్సిందే.

రెండు పనిరోజులు, ఒక సెలవురోజు ఎంచుకోండి. మర్నాడు పొద్దున 20 నిమిషాలు కూర్చుని ముందురోజును వరసగా రాయండి. ఒక్కో భాగం పావుగంట నుంచి రెండు గంటల దాకా ఉండొచ్చు. సమయం, పని, పక్కన ఎవరున్నారు, ఫోను ఎక్కడుంది, ఎలా అనిపించింది అన్నవి చాలు. చివరిదానికి 0 నుంచి 6 వరకు మార్కు వేయండి. 0 అంటే భరించలేనంత, 6 అంటే ఎంతో హాయి. ఇలా ఉంటుంది:

7:10–7:40, వంట. ఒక్కదాన్నే. ఫోన్లో వార్తలు వింటూ. 3
7:40–8:05, పాపను బడికి తయారుచేయడం. మధ్యలో ఆఫీసు గ్రూపులో రెండు జవాబులు. 1, రెండు గీతలు
8:05–8:50, ప్రయాణం. నిలబడి. 2
1:15–1:40, భోజనం, పక్క సీటు ఆవిడతో. ఫోను సంచిలో. 5

చివర రాసిన గీతలు ముఖ్యం. ఒక పనిలో ఉండగా మనసునో చేతినో ఇంకో పని లాగేసిన ప్రతిసారీ ఒక గీత. మూడు రోజులవి కూడండి. ఈ అంకెను కూడా మొదటి మెట్టులో వచ్చిన మార్కు పక్కనే రాసిపెట్టుకోండి.

చాలామంది ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు: ఎలా అనిపించాలో దానికి మార్కు వేస్తారు, ఎలా అనిపించిందో దానికి వేయరు. పూజకు 6, టీవీకి 1 వేసేస్తారు. ఈ కాగితం ఎవరూ చూడరు. నిజం రాయకపోతే తర్వాతి మెట్లన్నీ తప్పుడు చోట పడతాయి.

రాశాక రెండు రకాల వరసలకు సున్నా చుట్టండి. తక్కువ మార్కు వచ్చి, ఎక్కువ గీతలున్నవి ఒక రకం. బాగున్నా అరగంటలోపే అయిపోయినవి రెండో రకం. మొదటి రకాన్ని నాలుగో మెట్టులో బాగుచేస్తాం, రెండో రకాన్ని ఆరో మెట్టులో పెంచుతాం.

మూడో మెట్టు: నిద్ర (2, 3 వారాలు)

పెద్దవాళ్లకు కనీసం 7 గంటలు కావాలి. నిద్ర తక్కువైతే చిన్న మాటకే చిరాకు, చిన్న పనికే బెంగ. మరి ఎలా పెంచాలి? పెందలాడే పడుకోవాలని ప్రయత్నిస్తే దొర్లడమే మిగులుతుంది. పట్టు దొరికేది లేచే సమయంలో. సెలవురోజుతో సహా రోజూ ఒకే వేళకు లేవండి, తేడా అరగంట దాటనివ్వకండి. లేచిన గంటలోపు 20 నుంచి 30 నిమిషాలు బయటి వెలుతురులో ఉండండి. ఒంట్లోని గడియారం ఆ వెలుతురును బట్టే సర్దుకుంటుంది. రాత్రి నిద్ర ముంచుకొచ్చే వేళ కొద్ది రోజుల్లో తనంతట తానే ముందుకు జరుగుతుంది. లేచే వేళను మార్చాలంటే మూడు నాలుగు రోజులకోసారి 15 నిమిషాల చొప్పున జరపండి. ఒకేసారి గంటన్నర లాగితే వారం తిరక్కుండానే మొదటికొస్తుంది.

కాఫీ, టీలలోని కెఫీన్ సగం కరగడానికి సుమారు 5 గంటలు పడుతుంది. కొందరిలో ఇంకా ఎక్కువే. సాయంత్రం 5 గంటలకు తాగిన దాంట్లో సగం రాత్రి పదింటికి ఇంకా ఒంట్లోనే ఉంటుంది. "నేను తాగినా పడుకోగలను" అనేవాళ్లకు నిద్ర పట్టొచ్చు, కానీ గాఢత తగ్గుతుంది. మధ్యాహ్నం భోజనం తర్వాతి కప్పును ఆఖరిది చేసుకుని రెండు వారాలు చూడండి.

తలలో రేపటి పనులు తిరుగుతూ నిద్ర పట్టనివాళ్లు పడుకునే ముందు 5 నిమిషాలు రేపు చేయాల్సినవి కాగితం మీద రాయాలి. 2018లో 57 మంది యువతీయువకుల మీద నిద్ర ప్రయోగశాలలో చేసిన పరీక్షలో, చేయాల్సిన పనులు రాసినవాళ్లు, చేసేసిన పనులు రాసినవాళ్ల కన్నా సుమారు 9 నిమిషాలు ముందుగా నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా పట్టింది. "బ్యాంకు పని" అని రాస్తే చాలదు. "11 గంటలకు బ్యాంకుకు ఫోన్ చేసి చిరునామా మార్పుకు ఏ కాగితాలు కావాలో అడగాలి" అని రాయాలి. పని అలా ఒక రూపానికి వస్తే మనసు దాన్ని పట్టుకుని వేలాడదు. ఫోనులో రాయకండి, రాయడానికి తీసిన ఫోను అర్ధరాత్రి దాకా దిగదు.

పక్క మీద 20 నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి, మసక వెలుతురులో ఏదైనా తేలిక పని చేసి, కళ్లు బరువెక్కాకే తిరిగి పడుకోండి. గడియారం చూడొద్దు. గట్టిగా గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టవుతుంటే, పగలంతా తూగుతుంటే ఈ చిట్కాలతో సరిపోదు, డాక్టరుకు చూపించుకోవాలి.

ఇంకో సంగతి. నిద్ర ముంచుకొస్తున్నా అర్ధరాత్రి దాకా ఫోను చూసేవాళ్లను బద్ధకస్తులని తిట్టడం తప్పు. పగలంతా తమదంటూ అరగంట దక్కనివాళ్లు రాత్రి నిద్రలోంచి దాన్ని తీసుకుంటున్నారు. దీనికి మందు పగటిపూటే ఉంది: సాయంత్రం ఎవరూ అడగని 30 నిమిషాలు మీకోసం ముందే కేటాయించుకుంటే రాత్రి పట్టుదల దానంతటదే సడలుతుంది.

నాలుగో మెట్టు: ముక్కలైన రోజును అతికించండి (4 నుంచి 6 వారాలు)

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఈ మెట్టుకే ఇవ్వండి. ఒక పని సగంలో వదిలి ఇంకోదానికి మారినప్పుడు ధ్యాసలో కొంత వెనకే ఉండిపోతుందని పరిశోధకురాలు సోఫీ లెరాయ్ 2009లో చూపించారు. ఇంటికొచ్చి కూర్చున్నా మనసు ఇంకా ఆఫీసులోనే ఉండటానికి కారణమిదే. 2010లో మాథ్యూ కిలింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ 2,250 మంది పెద్దలకు రోజులో ఏ వేళనైనా ఫోను ద్వారా "ఇప్పుడేం చేస్తున్నారు, మనసెక్కడుంది, ఎలా ఉంది" అని అడిగారు. దాదాపు 47 శాతం సందర్భాల్లో మనసు చేస్తున్న పని మీద లేదు. అలా లేనప్పుడు సంతోషమూ తక్కువే. ఆహ్లాదమైన సంగతులు తలచుకుంటున్నవాళ్లు కూడా, పనిలో లీనమైనవాళ్ల కన్నా సంతోషంగా ఏమీ లేరు.

ముందు ఫోనుతో మొదలుపెట్టండి. శబ్దం చేసే యాప్‌లన్నీ ఒక కాగితం మీద రాసి మూడు గుంపులు చేయండి. మనిషి స్వయంగా మీకే చేసే కాల్, బడి లేదా ఆసుపత్రి నుంచి వచ్చేది మొదటి గుంపు, వీటికి శబ్దం ఉంటుంది. మెయిళ్లు, మెసేజీ గ్రూపులు రెండో గుంపు. వీటికి శబ్దం ఉండదు, రోజుకు మూడు వేళల్లో మీరే వెళ్లి చూస్తారు. అమ్మకాల ప్రకటనలు, వార్తలు, లైకులు మూడో గుంపు, ఇవి పూర్తిగా బంద్. ఎలిజబెత్ డన్, కోస్తాదిన్ కుష్లెవ్ 2015లో 124 మందితో చేసిన ప్రయోగంలో, మెయిలు రోజుకు మూడుసార్లే చూసిన వారంలో ఒత్తిడి తగ్గింది. అయితే అలా ఆగడం కష్టమైందని కూడా వాళ్లే చెప్పారు. అందుకే వేళలు ముందే రాసిపెట్టుకోవాలి, ఉదాహరణకు 9:30, 1:30, 5:00.

ఉత్సాహం కొద్దీ అన్నీ ఒకేసారి మూసేయకండి. 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో నోటిఫికేషన్లు రోజుకు మూడుసార్లు కట్టగా అందుకున్నవాళ్లకు మేలు జరిగింది. పూర్తిగా ఆపేసినవాళ్లకు మాత్రం ఏదో తప్పిపోతున్నామన్న ఆందోళన పెరిగింది. ఇంట్లోవాళ్లు కంగారు పడకుండా ముందే చెప్పండి: "అత్యవసరమైతే మెసేజీ పెట్టొద్దు, కాల్ చేయండి." ఈ ఒక్క మాట లేకే చాలామంది రెండో రోజుకే మళ్లీ శబ్దాలు పెట్టుకుంటారు.

తర్వాత, పని మధ్యలో లేవాల్సి వస్తే లేచే ముందు ఒక్క వాక్యం రాయండి: ఎక్కడ ఆపాను, తిరిగొచ్చాక మొదట ఏం చేయాలి. "మూడో పట్టికలో మార్చి అంకెలు సరిచూశాను, ఏప్రిల్ మొదలుపెట్టాలి." అర నిమిషం పని. వెనక్కి లాగే ధ్యాసను ఇది చాలావరకు వదిలిస్తుంది.

ఆఫీసు నుంచి ఇంటికి మారే దగ్గర కూడా ఇదే సూత్రం. పని ముగించే వేళకు 10 నిమిషాల ముందు ఆపి మూడు పనులు చేయండి: మిగిలినవి రాయడం, రేపటి మొదటి పనిని నిర్ణయించడం, తెరిచి ఉన్న ఫైళ్లు మూయడం. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు ఇది ఇంకా అవసరం, వాళ్లకు మధ్యలో ప్రయాణమైనా లేదు. ల్యాప్‌టాప్ మూసి కంటికి కనపడని చోట పెట్టి, పది నిమిషాలు బయట నడిచి ఇంట్లోకి రండి.

పని నిజంగానే తలకు మించి ఉంటే ఎన్ని అలవాట్లు మార్చినా లాభం ఉండదు. పై అధికారి దగ్గర "చాలా పనైపోయిందండి" అంటే సానుభూతి దొరుకుతుంది, పని తగ్గదు. ఇలా అడగండి: "సార్, నా చేతిలో ఇప్పుడు ఈ నాలుగు పనులున్నాయండి. శుక్రవారానికి మూడే పూర్తిచేయగలను. ఏది వెనక్కి జరపమంటారు?" రాసిన జాబితా చేతిలో ఉండాలి. ఏది ఆపాలో నిర్ణయించే బాధ్యత అప్పుడు సరైన చోటికి చేరుతుంది.

ఆరో వారం చివర మళ్లీ ఒక పనిరోజును కాగితం మీద పెట్టి గీతలు లెక్కపెట్టండి. మొదట్లో ఒక్కో పనిరోజుకు సగటున ఎన్ని పడ్డాయో దానితో పోల్చండి. మూడో వంతు తగ్గినా చాలు, ముందుకు వెళ్లొచ్చు.

అయిదో మెట్టు: ఒళ్లు, ఊపిరి (7వ వారం)

ఇక్కడ ఎక్కువ చెప్పాల్సింది లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ, వారానికి రెండు రోజులు కండరాలకు పని. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగంగా నడిస్తే అది మోస్తరు శ్రమే. భోజనాల తర్వాత పదేసి నిమిషాల చొప్పున రోజుకు మూడుసార్లు నడిచినా వారానికి 210 అవుతుంది. జిమ్ముకు డబ్బు కట్టి మానేసేవాళ్ల కన్నా ఇలా నడిచేవాళ్లే ఎక్కువకాలం నిలబడతారు.

కోపమో కంగారో ముంచుకొచ్చినప్పుడు ఒక శ్వాస పద్ధతి ఉంది. ముక్కుతో నిండుగా పీల్చి, వదలకుండానే ఇంకో చిన్న గుక్క పీల్చి, నోటితో నెమ్మదిగా పూర్తిగా వదలాలి. వదిలే సమయం పీల్చినదానికి రెట్టింపు ఉండాలి. 2023లో ప్రచురితమైన ఒక పరీక్షలో రోజుకు 5 నిమిషాల చొప్పున నెల రోజులు ఇలా చేసినవాళ్లలో మనసు బాగా తేలికపడింది. తల తిరిగినట్టుంటే వేగం ఎక్కువైనట్టు, ఆపి మామూలుగా పీల్చండి.

ఆరో మెట్టు: మనుషులు (8, 9 వారాలు)

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో 1938లో మొదలైన అధ్యయనం 724 మంది పురుషులను వాళ్ల జీవితమంతా వెంబడించింది. కొందరు ఆ విశ్వవిద్యాలయం విద్యార్థులు, కొందరు బోస్టన్‌లోని పేద వాడల పిల్లలు. ముసలితనంలో ఎవరు ఆరోగ్యంగా, తృప్తిగా ఉన్నారో చూస్తే, నడివయసులో దగ్గరివాళ్లతో సంబంధాలు ఎంత బాగున్నాయన్నది గట్టి ఆనవాలుగా తేలింది. తీరిక లేని జీవితంలో మొదట కోత పడేది సరిగ్గా దీనికే, ఎందుకంటే స్నేహితుడు గడువు పెట్టడు.

"ఎప్పుడైనా కలుద్దాం" అన్న మాటను ఇకనుంచి వాడకండి. ఇద్దరిని ఎంచుకోండి, ఇంట్లోవాళ్లు కాకుండా. ఒక్కొక్కరికీ వారంలోనో నెలలోనో ఒక స్థిరమైన వేళ పెట్టుకోండి. గురువారం సాయంత్రం నడిచే పది నిమిషాల్లో ఒకరికి ఫోను, నెలలో రెండో శనివారం ఇంకొకరిని కలవడం. వేళ స్థిరంగా ఉంటే ప్రతిసారీ ఏర్పాటు చేసుకునే శ్రమ ఉండదు, మానేయడానికే శ్రమపడాలి. రెండో మెట్టులో "బాగున్నా అరగంటలోపే అయిపోయినవి" అని సున్నా చుట్టినవాటిని చూడండి, అక్కడ ఎవరి పేరు కనిపిస్తే వాళ్లతో మొదలుపెట్టండి.

ఇంట్లోవాళ్ల విషయంలో ఎక్కువ సమయం దొరక్కపోవచ్చు. దొరికిన రెండు నిమిషాలను ఎలా వాడాలో షెల్లీ గేబుల్ పరిశోధన చెబుతుంది. కష్టంలో అండగా ఉండటం ఎంత ముఖ్యమో, ఎదుటివాళ్లు మంచి కబురు తెచ్చినప్పుడు మనం ఇచ్చే జవాబూ అంతే ముఖ్యం. భార్య ఇంటికొచ్చి "ఇవాళ మీటింగులో నా రిపోర్టును అందరి ముందూ మెచ్చుకున్నారండీ" అంది. భర్త నాలుగు రకాలుగా స్పందించొచ్చు.

"ఊఁ, మంచిదేగా" (ఫోనులోంచి తలెత్తకుండా).
"ఇంకేం, ఇక నీ నెత్తిన ఇంకో నాలుగు పనులు పడేస్తారు."
"సరేగానీ, కరెంటు బిల్లు కట్టావా?"
"అవునా! ఏమన్నారేంటి? నీకు ముందే తెలుసా, అప్పటికప్పుడు చెప్పారా? నువ్వేమన్నావు?"

నాలుగో జవాబు ఒక్కటే బంధాన్ని పెంచుతుంది. మిగతా మూడూ ఆ కబురును అక్కడే తుంచేస్తాయి. రెండో రకం ఇళ్లలో చాలా మామూలు, శ్రద్ధతోనే అంటారు, అయినా చెప్పినవాళ్ల మొహం వాడిపోతుంది. పద్ధతి సులువు: చేతిలోది కింద పెట్టండి, మొహం చూడండి, జరిగినదాని గురించి రెండు ప్రశ్నలు అడగండి. సలహా, హెచ్చరిక ఏదైనా ఉంటే మర్నాటికి దాచుకోండి.

దగ్గరివాళ్లే లెక్క అనుకోవద్దు. రోజూ ఎదురుపడే వాచ్‌మన్, దుకాణదారు, లిఫ్టులో కలిసే పొరుగువారు, వీళ్లతో రెండు మాటలు మాట్లాడిన రోజుల్లో జనం ఎక్కువ సంతోషంగా ఉన్నట్టు 2014లో జిలియన్ శాండ్‌స్ట్రామ్, ఎలిజబెత్ డన్ చూపించారు.

పెద్దవాళ్లనో పసిపిల్లలనో ఒంటరిగా చూసుకునేవాళ్లకు ఇవన్నీ దూరపు మాటలుగా వినిపిస్తాయి. వాళ్లకు ముందు కావాల్సింది సాయం. "కాస్త సాయం చేయొచ్చు కదా" అంటే ఎవరికీ ఏం చేయాలో తెలియదు, అన్నవారికి నిష్ఠూరం మిగులుతుంది. పని, రోజు, గంటలు మూడూ చెప్పి అడగండి: "అన్నయ్యా, ఆదివారం రెండింటి నుంచి అయిదింటి దాకా నాన్న దగ్గర నువ్వుంటావా? ఆ మూడు గంటలూ నేను పడుకోవాలి." కారణం దాచొద్దు. అలసిపోయానని చెప్పుకోవడంలో తప్పేమీ లేదు.

ఏడో మెట్టు: మంచిని గమనించడం (10వ వారం)

ఇప్పుడు డైరీ. మార్టిన్ సెలిగ్మన్ బృందం 2005లో ప్రచురించిన పరీక్షలో పాల్గొన్నవాళ్లు ఒక వారంపాటు రోజూ రాత్రి, ఆ రోజు బాగా జరిగిన మూడు సంగతులూ, ఒక్కోటీ ఎందుకు జరిగిందో రాశారు. మొదటి నెల తర్వాత తేడా కనబడటం మొదలై ఆరు నెలల దాకా నిలిచింది. ఎక్కువకాలం ప్రయోజనం పొందినవాళ్లు, వారం అయ్యాక కూడా తమంతట తాము రాస్తూ పోయినవాళ్లు.

"కుటుంబం, ఆరోగ్యం, ఉద్యోగం" అని రాస్తే నాలుగో రోజుకు మొక్కుబడి అయిపోతుంది. ఇవాళే జరిగినది రాయాలి, ఎందుకు జరిగిందో రాయాలి. "బాబు లెక్క తనే చేసుకుని చూపించాడు. నిన్న కోప్పడకుండా రెండుసార్లు చెప్పాను, అందుకు." ఇలా కారణం రాసినప్పుడు అందులో మీ చెయ్యి, ఎదుటివాళ్ల చెయ్యి కనబడతాయి. వారం రోజులు రోజూ రాసి, తర్వాత వారానికి ఒకసారికి తగ్గించండి. ఏ మంచికైనా మనం త్వరగా అలవాటు పడిపోతాం. రోజూ రాసే జాబితా కూడా అలాగే చప్పబడుతుంది.

"నేను ఇప్పుడు సంతోషంగా ఉన్నానా?" అని మాటిమాటికీ తరచి చూసుకోకండి. సంతోషానికి మరీ ఎక్కువ విలువ కట్టేవాళ్లు, అంతా బాగున్న సమయంలోనే నిరాశ పడుతున్నట్టు పరిశోధకురాలు ఐరిస్ మాస్ 2011లో చూపించారు. మార్కు 12వ వారంలో వేసుకుంటారు. అప్పటిదాకా చేసే పని మీద దృష్టి పెడితే చాలు.

ఎనిమిదో మెట్టు: డబ్బుతో గంటలు కొనడం (11వ వారం)

కాస్త వెసులుబాటు ఉన్నవాళ్లకే ఈ మెట్టు. రెండో మెట్టులో మీరు 0, 1 వేసిన పనుల్లో ఏదైనా డబ్బిచ్చి చేయించుకోగలరా చూడండి. 2017లో ఆష్లీ విలన్స్ బృందం ప్రచురించిన పరిశోధనలో, సమయం ఆదా అయ్యేదానికి ఖర్చుపెట్టినవాళ్లు వస్తువులకు పెట్టినవాళ్ల కన్నా ఎక్కువ సంతోషంగా ఉన్నారు. చాలామంది ఇక్కడ చేతికొచ్చిన ఫలితాన్ని పోగొట్టుకుంటారు. మిగిలిన గంటను దేనికి వాడాలో ముందే రాసుకోకపోతే దాన్ని ఫోనో ఆఫీసో మింగేస్తుంది. "శనివారం ఇల్లు తుడిచే పని వేరొకరికి ఇచ్చాను, ఆ 9 నుంచి 10 నాన్నతో" అని రాసి గోడకు అంటించండి. ఇంకొకరికి అప్పగించాక పక్కన నిలబడి పర్యవేక్షిస్తే అది మీ పనే అవుతుంది.

నిలబెట్టుకోవడం, మళ్లీ కొలవడం (12వ వారం)

ఏ అలవాటునైనా "ఇది జరిగాక ఇది చేస్తాను" అన్న వాక్యంగా రాసుకోండి. "రోజూ నడుస్తాను" అన్నది నిలవదు. "మధ్యాహ్నం భోజనం డబ్బా మూసిన వెంటనే మెట్లు దిగి పది నిమిషాలు నడుస్తాను" అన్నది నిలుస్తుంది. అలవాటు 21 రోజుల్లో కుదురుతుందన్న మాట పట్టుకుని ఎంతోమంది 22వ రోజున నిరాశపడుతున్నారు. పరిశోధకురాలు ఫిలిపా లాలీ 2010లో 96 మందిని పరిశీలిస్తే సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒక రోజు తప్పినా నష్టమేమీ జరగలేదని కూడా అందులోనే తేలింది. తప్పిన రోజుకు పరిహారంగా మర్నాడు రెట్టింపు చేయకండి, మామూలుగా చేయండి.

12వ వారం చివర మొదటి అయిదు వాక్యాలకు మళ్లీ మార్కులు వేయండి. 10 పాయింట్లకు పైగా పెరిగితే అది నిజమైన మార్పే. అప్పుడు మెట్లన్నిటినీ మోయనక్కర్లేదు, మీకు తేడా తెచ్చినవి రెండు మూడు ఉంచుకుని మిగతావి వదిలేయండి. పెరగకపోతే గీతల లెక్క చూడండి. గీతలు తగ్గలేదంటే నాలుగో మెట్టుకు తిరిగి వెళ్లాలి. గీతలు తగ్గి, నిద్ర కుదిరి, మార్కు మాత్రం కదల్లేదంటే కారణం అలవాట్లలో లేదు. రక్తహీనత, థైరాయిడ్, విటమిన్ బి12 లోపం కూడా ఇలాగే నీరసంగా, దిగులుగా ఉంచుతాయి, రక్తపరీక్షతో తెలిసిపోతాయి. అవీ బాగుంటే ఉద్యోగం గురించో ఇంట్లో నలుగుతున్న సంగతి గురించో మనసు విప్పి మాట్లాడాలి, కౌన్సెలర్ సాయం అందుకు పనికొస్తుంది. మార్కు మొదటికన్నా పడిపోతే ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఆ తర్వాత మూడు నెలలకోసారి కొలుచుకుంటే సరిపోతుంది. పరీక్షలు, ఆడిట్లు, ఇంట్లో జబ్బులు వచ్చి అన్నీ తలకిందులయ్యే వారాలు ఉంటాయి. అప్పుడు రెండింటినే పట్టుకోండి: లేచే వేళ, గురువారం ఫోను. మిగతావి ఆ గండం గడిచాక మూడో మెట్టు నుంచి వరసగా వారానికొకటి చొప్పున మొదలుపెట్టొచ్చు.